ఆమె తినని రోజులు

12, మంగళవారం

మూడో అంతస్తు. ఐసీయూ తలుపు బయట ఇనుప కుర్చీల వరస. చివరి కుర్చీ నాది.

ఈ పుస్తకం షాపులో పంపుల కొలతలు రాసుకోవడానికి కొన్నది. తిరగేసి వెనక పేజీ నుంచి మొదలుపెడుతున్నాను. ఎవరికీ చూపించడానికి కాదు. పాతికేళ్లుగా సంఘంలో బోధకుడిగా వందల మంది ముందు గొంతు చించుకున్నవాణ్ణి. నాతో నేను మాట్లాడుకోవడానికి ఇంతకంటే దారి తోచలేదు.

పొద్దున మా ఆవిడ వంటింటి సింకు దగ్గర పడిపోయింది. నేను స్నానాల గదిలో ఉన్నాను, చప్పుడు వినిపించింది. వచ్చేసరికి కుళాయి ఇంకా పారుతోంది. రెండు ఊపిరితిత్తులకీ నిమ్ము పట్టిందట. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఆమె ఊపిరి తీసుకునే చప్పుడు నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు దాన్ని ఒక యంత్రం గది బయటికి వినిపిస్తోంది.

డాక్టరు అడిగాడు: "ఆవిడ సరిగ్గా తిని ఎన్ని రోజులైంది?"

"మూడు రోజులండీ. జ్వరం వచ్చినప్పటి నుంచి" అన్నాను. నర్సు రాసుకుంది.

జ్వరం మూడు రోజులే. అందులో అబద్ధం లేదు.

ఉపవాసం చేసేవాడు రహస్యంగా చేయాలి, ముఖం కడుక్కుని మామూలుగా తిరగాలి, ఊరికి చాటకూడదు. గ్రంథం చెప్పే మాట. ఆమె అలాగే చేసింది. రహస్యంగా చేసినదాన్ని నేను ఆసుపత్రి కాగితం మీదికి ఎక్కించడమేమిటి?

13, బుధవారం

ముక్కులోంచి కడుపులోకి సన్నగొట్టం వేశారు. పాలలాంటి ద్రవం, పక్కన చిన్న పంపు. గంటకి ఇన్ని మిల్లీలీటర్లు అని అంకెలు కనిపిస్తాయి. ఐదు నిమిషాలు లోపలికి రానిస్తే మూడు నిమిషాలు ఆ పంపునే చూశాను. ముప్పై ఏళ్లుగా మోటార్లు, పంపులు విప్పి బిగించే చేతులు. ఇంత చిన్నది, ఇంత నెమ్మదైనది ఎప్పుడూ చూడలేదు. ఆమె ముఖం చూడటం కంటే పంపుని చూడటం తేలిక.

డైటీషియన్ అని ఒక అమ్మాయి వచ్చింది. కళ్లజోడు, చేతిలో పలక లాంటి కంప్యూటరు. మా ప్రార్థన కూడికల్లో వెనక బెంచీ మీద కూర్చుని నవ్వుకునే పిల్లల వయసు.

"అంకుల్, ఆంటీ బరువు ఈమధ్య తగ్గారా?"

"వయసు కదమ్మా."

"మూడు రోజుల ముందు మామూలుగానే తినేవారా?"

"మామూలుగానే."

ఆమె నావంక ఒక క్షణం ఎక్కువే చూసింది.

పందొమ్మిది. పోయిన నెల ఇరవై మూడు నుంచి మొన్నటి వరకు, ఆమె తినని రోజులు. నీళ్లు, రెండుపూటలా పాలూ చక్కెరా లేని టీ. ఇక్కడ రాశాను. దేవుడికి తెలుసు, ఈ పుస్తకానికి తెలుసు. చాలు.

ఇరవై ఒక్క రోజుల ఉపవాసం నేను ప్రకటించింది. సంఘంలో మూడోవంతు జనం వేరే బోధకుడి వైపు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు నిలవాలని వేదిక మీద నిలబడి, మైకు పట్టుకుని, నేనొక్కణ్ణే చేస్తానన్నాను. ఇంటికి వచ్చాక ఆమె పొయ్యి కట్టేస్తూ అంది: "మీరు పస్తుంటే నాకు ముద్ద దిగుతుందా? నేనూ ఉంటాను. ఎవరికీ చెప్పకండి." చెప్పలేదు. ఈ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నాను.

సాయంత్రం మరదలు దిగింది. ఆమె చెల్లెలు, బడిలో లెక్కలు చెబుతుంది. వస్తూనే, "ఏం బావా, అక్కని ఇలా చేశారేంటి?" అంది. అలవాటుగా అన్న మాటే. నేను మాత్రం టీ తెస్తానని మెట్ల వైపు నడిచాను.

14, గురువారం

మా సంఘంలో ఒకాయన వ్యాయామశాల నడుపుతాడు. అందరూ కండల బ్రదర్ అంటారు. చొక్కా చేతులు ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటాయి. ఇవాళ సంకలో ఒక పెద్ద డబ్బా పెట్టుకుని వచ్చాడు.

"అన్నగారూ, ఇది గ్లుటమిన్. అమైనో ఆమ్లం. కండ కరగనివ్వదు. పేగులకి బలం, రోగనిరోధానికి బలం. మా దగ్గర కుర్రాళ్లు దీనిమీదే నిలబడ్డారు. ఆ గొట్టంలో కలిపి పోయించండి, వారంలో అక్కయ్య లేచి నడుస్తుంది."

దేవుడు పంపిన డబ్బా అనుకున్నాను. వాగు పక్కన దాక్కున్న ప్రవక్తకి కాకులు రొట్టె తెచ్చాయి. నాకు కండల బ్రదర్ డబ్బా తెచ్చాడు. ఎవరు తెస్తే ఏం!

డైటీషియన్ అమ్మాయి డబ్బా తిప్పి చదివి నా చేతికే ఇచ్చేసింది.

"ఇది వద్దు అంకుల్."

"ఎందుకొద్దు? అమైనో ఆమ్లాలే కదమ్మా ఒంటికి ఇటుకలు? నేనూ చదివాను."

"ఇటుకలే. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు ఒళ్లు తన కండనే పగలగొట్టుకుని ఆ ఇటుకలు వాడుకుంటుంది. అందుకే ప్రోటీన్ ఇస్తున్నాం. కానీ ఆంటీ మూత్రపిండాలు నిన్నటి నుంచి కాస్త మందగించాయి. ఇలాంటి వాళ్లకి గ్లుటమిన్ విడిగా ఎక్కువ మోతాదులో ఇచ్చి చూశారు. మేలు జరగలేదు సరికదా, చనిపోయినవాళ్లు పెరిగారు."

"మరి కాలిన గాయాల వాళ్లకి ఇస్తారటగా?"

"కొన్నాళ్లు ఇచ్చారు. దానిమీదా ఇప్పుడు మునుపటంత నమ్మకం లేదు. ఏ రోగికి, ఏ రోజున, ఎంత అనేదే మా పని అంకుల్. మంచిది కదా అని పోసెయ్యడం కాదు."

నేను గొంతు పెంచాను. విశ్వాసం గురించి, అల్పవిశ్వాసం గురించి, తెల్లకోటు వేసుకున్నవాళ్ల గర్వం గురించి. మరదలు నా మోచెయ్యి పట్టుకుంది. "బావా, మీ మైకు ఇక్కడ లేదు. కాస్త మెల్లగా."

కండల బ్రదర్ నేలచూపులు చూశాడు. తర్వాత డాక్టరే సర్దిచెప్పాడు. పొడి వద్దు, అయితే తినకుండా ఉన్నది మూడు రోజులే గనక ఆహారం త్వరగా పూర్తి మోతాదుకి తీసుకెళ్తామన్నాడు. ప్రోటీన్ కూడా అందులోనే పెరుగుతుందట. గెలిచినట్టే అనిపించింది.

మూడు రోజులే గనక. ఆయన ఆ మాట రెండుసార్లు అన్నాడు.

నిన్నటితో నా ఇరవై ఒక్క రోజులూ అయ్యాయి. దాని గురించి ఇక్కడ రాయనక్కర్లేదు.

15, శుక్రవారం

కళ్లు తెరిచింది. చెయ్యి పట్టుకుని పిలిస్తే వేలు కదిపింది. స్తోత్రం! రేపు వెంటిలేటర్ తీసి చూస్తారట. వరండాలో ఉన్న పదిమందికీ పదిహేను నిమిషాలు వాక్యం చెప్పాను. ఒకావిడ ఏడ్చింది. సెక్యూరిటీ అతను కూడా ఆగి విన్నాడు, ఆ తర్వాత ఇక్కడ గుమిగూడకూడదని చెప్పాడు.

16, శనివారం

తీయలేదు.

గుండె తడబడుతోంది. రెండు కొట్టుకుని ఒకటి తప్పుతోంది. యంత్రం సాయం తగ్గించగానే నాలుగు నిమిషాలకే ఆయాసం. డైటీషియన్ అమ్మాయి పొద్దున్నే వచ్చి నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. మరదలు వెనకాలే వచ్చింది.

"అంకుల్, ఆంటీ రక్తంలో ఫాస్ఫరస్ బాగా పడిపోయింది. పొటాషియం కూడా. వచ్చిన రోజు రెండూ బాగానే ఉన్నాయి. ఆహారం పెంచినకొద్దీ పడిపోతున్నాయి."

"మీరు పెట్టేది సరిగ్గా లేదేమో!"

"చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే ఇలా అవుతుంది. ఖాళీగా పడి ఉన్న కణాలన్నీ ఒకేసారి రక్తంలోంచి లాగేసుకుంటాయి. గుండెకి, ఊపిరి తీసే కండకి మిగలదు. అందుకే అలాంటి వాళ్లకి ముందు విటమిన్ ఇచ్చి, చాలా కొద్దిగా మొదలుపెట్టి రోజూ కాస్త కాస్త పెంచుతాం. మూడు రోజుల పస్తుకి ఇంతగా పడిపోవడం నేను చూడలేదు." ఆగింది. "ఇంకోసారి ఆలోచించి చెప్పండి. ఆంటీ ఎన్ని రోజులు తినలేదు?"

మరదలు నావంక చూస్తోంది.

ఏం చేశాను? ఉరిమాను. "నా భార్య ఏం తిన్నదో నాకు తెలీదా? ముప్పై ఏళ్లు ఒక కంచం ముందు కూర్చున్నవాణ్ణి! మీ లెక్క తప్పితే మా ఇంటి మీద రుద్దుతారా?"

"ఎన్ని రోజులు, అంకుల్?"

"మూడు."

ఆ అమ్మాయి తలదించుకుని వెళ్లిపోయింది. ఫాస్ఫరస్ ఎక్కిస్తున్నారు, కానీ ఆహారం ఎంత తగ్గించాలో తేల్చుకోలేకపోతున్నారట. పస్తు కాదనుకుంటే ఇంకేదో జబ్బు వెతకాలి. ఇవాళ స్కానింగుకి తీసుకెళ్లి తెచ్చారు. ఆ కాస్త కదిలిస్తేనే ఆమె పెదవులు నీలంగా మారాయి.

ఎందుకు చెప్పలేకపోయాను? ఎందుకో నాకు తెలుసు. రాస్తాను.

ఈ నెల ఒకటో తేదీ. తొమ్మిదో రోజు. ఒక మోటారు బేరింగు లాగుతుంటే కళ్లు తిరిగాయి. షాపు షట్టరు సగం దించి, పక్క బేకరీ నుంచి బన్ను తెచ్చుకుని పాల టీలో ముంచుకు తిన్నాను. రెండు బన్నులు. మర్నాడు మూడు. ఆ తర్వాత లెక్కపెట్టలేదు. ఇంటికి వెళ్లి నోరు పుక్కిలించి ఆమె ఎదురుగా కూర్చునేవాణ్ణి. సాయంత్రాలు ఇద్దరం చెరో గ్లాసు వేడినీళ్లు పెట్టుకుని తాగేవాళ్లం. "మీకు నీరసంగా లేదా?" అని అడిగేది. "దేవుడు బలమిస్తున్నాడు" అనేవాణ్ణి. "నాకెందుకో ఇవ్వట్లేదు, నా విశ్వాసం తక్కువేమో" అంది ఒకసారి. నిజం చెప్పలేదు. ఓదార్చాను కూడా.

ఆమె పందొమ్మిది రోజులు అని చెబితే, నువ్వెన్ని రోజులు అని అడుగుతారు.

అదీ సంగతి. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

17, ఆదివారం

పొద్దున కూడికకి వెళ్లాను. వెళ్లకూడదనుకుంటూనే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఉపవాసం ముగిసినందుకు కృతజ్ఞత కూడిక అట. ఇరవై ఒక్క రోజుల సాక్ష్యం చెప్పమన్నారు.

చెప్పాను. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. నీళ్లతో ఇరవై ఒక్క రోజులు అన్నాను. ఆకలి దయ్యాన్ని కాళ్లకింద తొక్కానన్నాను. కండల బ్రదర్ లేచి, "అన్నగారి ముఖం చూడండి! మూడు వారాలు పస్తున్న ముఖమా అది? ఎలా వెలిగిపోతోందో! ఒక్క కిలో కూడా తగ్గలేదు!" అని అరిచాడు. పాపం, ఆయన మనసులో ఏ దురుద్దేశమూ లేదు. శరీరాలు చూడటం ఆయన వృత్తి. చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పట్ల మధ్య మొదటిసారి నాకు నా బుగ్గలు బరువుగా తెలిశాయి.

ఆసుపత్రికి వచ్చేసరికి మరదలు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఒళ్లో నర్సు మొదటి రోజు ఇచ్చిన కవరు. అందులో వాళ్లక్క ఉంగరం.

"దీన్ని చూశారా బావా?"

ఉంగరం లోపలివైపు తెల్లదారం చుట్టి ఉంది. వదులైతే జారకుండా చుట్టే దారం.

"మూడుసార్లు చుట్టింది" అంది మరదలు. "ఒకేసారి చుట్టింది కాదు. కింది దారం మురికిపట్టింది, మధ్యది కాస్త నలిగింది, పైది కొత్తగా ఉంది. అంటే వేలు మూడుసార్లు సన్నబడింది. మూడు రోజుల్లో వేలు మూడుసార్లు సన్నబడదు బావా. లెక్క నాకు చెప్పకండి. వెళ్లి ఆ అమ్మాయికి చెప్పండి."

కోప్పడి ఉంటే ఎదురు కోప్పడేవాణ్ణి. అది నాకు బాగా వచ్చు. ఆమె కోప్పడలేదు.

డైటీషియన్ గది కింద అంతస్తులో. డబ్బాల మధ్య చిన్న బల్ల. ఆదివారం డ్యూటీలో ఉంది, చేత్తో యాపిల్ పట్టుకుని కాగితాలు చూస్తోంది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. నోటినిండా మాటలు తయారు చేసుకుని వచ్చాను. పాపం, పశ్చాత్తాపం, కనికరం. ఒక్కటీ రాలేదు.

"పందొమ్మిది" అన్నాను.

యాపిల్ కింద పెట్టింది. "నీళ్లు తాగేవారా?"

"నీళ్లు. ఉత్త టీ, రెండుసార్లు."

"మధ్యలో ఏమీ లేదా? పండు? బిస్కెట్టు?"

"ఆమె ఏమీ తీసుకోలేదు."

ఎందుకు దాచారని అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు. అప్పటికే ఫోను చెవికి పెట్టుకుని, "డాక్టర్, ఏడో బెడ్. మూడు కాదు, పందొమ్మిది రోజులు" అంటోంది. నా పక్క నుంచి మెట్లెక్కి పరుగెత్తింది. బల్ల మీద కొరికిన యాపిల్, పక్కనే నేను.

18, సోమవారం

పంపు మీద అంకె మూడోవంతుకి తగ్గింది. సూదిమందుగా విటమిన్, నరంలోంచి ఫాస్ఫరస్, పొటాషియం. ఆరు గంటలకోసారి రక్తం తీస్తున్నారు.

ఆ నెమ్మదైన పంపుని చూస్తూ నిలబడితే సిగ్గుతో చచ్చిపోయాను. ఎండాకాలమంతా ఎండి పడున్న పంపుని తెస్తే నేనేం చేస్తాను? ఒకేసారి కరెంటు పెట్టను. సీలు ఎండిపోయి ఉంటుంది, చిరిగిపోతుంది. ముందు కాసిని నీళ్లు పోస్తాను, ఇరుసుని చేత్తో తిప్పుతాను, తడి పట్టనిస్తాను, అప్పుడు మెల్లగా నడుపుతాను. తొందరపడే గిరాకీ మీద అరుస్తాను కూడా: "ఎన్నాళ్లు ఆపి ఉంచావో నిజం చెప్పు, లేకపోతే మోటారు కాలిపోద్ది!" ఇనుము దగ్గర నేర్చుకున్న నిజం మనిషి విషయంలో చెప్పడానికి ఐదు రోజులు పట్టింది నాకు.

మరదలు నాతో మాట్లాడటం లేదు. టీ మాత్రం తెచ్చి పక్క కుర్చీలో పెట్టి వెళ్తోంది.

19, మంగళవారం

గుండె ఇంకా తప్పుతోంది. ప్రార్థన చేయబోతే మాటలన్నీ వేదిక మీది మాటల్లా వినిపించాయి. మానేశాను.

20, బుధవారం

ఫాస్ఫరస్ నిలబడింది. అంకె కాస్త పెంచారు.

గ్రంథం తెరిచాను. యుద్ధానికి వెళ్లిన రాజు ఒకడు తన సైన్యానికి ఒట్టు పెడతాడు, సాయంత్రం దాకా ఎవరైనా తింటే శాపమని. సైన్యం సొమ్మసిల్లింది. ఒట్టు సంగతి తెలియని రాజకుమారుడు అడవిలో తేనె రుచి చూశాడు, కళ్లు వెలిగాయి. ఈ భాగం మీద పది సార్లు బోధించి ఉంటాను. ప్రతిసారీ విధేయత గురించే. రాజు చేసింది తప్పని ఆ కొడుకు అక్కడే సైనికుల ముందు అంటాడు. ఆ వాక్యం మీద ఎప్పుడూ ఆగలేదు. ఆగి ఉంటే బోధించేవాణ్ణి కాదేమో.

పైగా మా ఇంట్లో తేనె తిన్నది రాజే.

ఇంకొకటి. చనిపోయిన చిన్నపిల్లని లేపినప్పుడు ప్రభువు మొదట చెప్పింది, ఆ పిల్లకి తినడానికి ఏమైనా పెట్టమని. నేను దీన్ని చిన్న విషయంగా దాటేసేవాణ్ణి. అద్భుతం అయిపోయాక ఇక తిండి సంగతేముందని. ఎంత పెట్టాలో రాయలేదు. అది ఆ ఇంటి వాళ్లకే వదిలేశాడు.

డైటీషియన్ అమ్మాయి వెళ్తూ వెళ్తూ, "ఇవాళ బాగుంది అంకుల్" అంది. కండల బ్రదర్ డబ్బా నా కుర్చీ కిందే ఉంది. ఆమె చూసి నవ్వింది. "దాన్ని వెనక్కి ఇచ్చెయ్యండి. బరువులెత్తే వాళ్లు తాగనీండి."

21, గురువారం

గుండె సరిగ్గా కొట్టుకుంటోంది. లెక్కపెట్టాను. రెండు వందల దాకా ఒక్కటీ తప్పలేదు.

23, శనివారం

గొంతులో గొట్టం తీసేశారు! తన ఊపిరి తనే తీసుకుంటోంది. ముక్కులోది ఇంకా ఉంది. మరదలు నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసి, ఆ తర్వాత పట్టుకున్నానని గుర్తొచ్చి వదిలేసింది.

ఆమెకి చెప్పాలి. గొంతు బొంగురుపోయి ఉంది, మాట్లాడించొద్దన్నారు. తర్వాత చెబుతాను. ముందు సంఘానికి చెప్పాలి. అబద్ధం ఎక్కడ చెప్పానో అక్కడే సరిచేయాలి. అదే క్రమం.

24, ఆదివారం

చెప్పాను. అంతా చెప్పాను. బన్నులు, షట్టరు, పుక్కిలించిన నోరు, పందొమ్మిది, మూడు. మైకు పక్కన పెట్టి చెప్పాను, అయినా చివరి బెంచీకి వినిపించింది. మోకాళ్ల మీద పడ్డాను. నా ముఖం వెలుగుతోందని చప్పట్లు కొట్టారే, ఆ వెలుగు బేకరీ వెలుగు అన్నాను. హాలంతా ఏడుపు. కండల బ్రదర్ వచ్చి ఎముకలు విరిగేలా వాటేసుకున్నాడు. "అన్నగారూ, ఇంత గొప్ప సాక్ష్యం నా జన్మలో వినలేదు!" వెళ్లిపోయిన వాళ్లలో ఇద్దరు కిటికీ దగ్గర నిలబడి విన్నారట, వచ్చే వారం తిరిగి వస్తారట. ఒకాయన రికార్డు చేశాడు, నలుగురికీ పంపుతానన్నాడు.

ఎంత తేలికగా ఉందో. ఆసుపత్రి దాకా నడిచే వచ్చాను.

25, సోమవారం

వార్డుకి మార్చారు. కిటికీ పక్క మంచం. ఆమె గొంతు గాలిలా ఉంది. మొదట అడిగింది:

"మీ ఉపవాసం పూర్తయిందా?"

మరదలు లేచి బయటికి వెళ్లింది. తలుపు దగ్గరగా వేసింది.

చెప్పాను. ఇక్కడ మోకాళ్లు వంగలేదు, గొంతు లేవలేదు. తొమ్మిదో రోజు అని చెప్పాను. ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. దుప్పటి మీద వేళ్లు కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటోంది.

"అయితే పదకొండు రోజులు నేనొక్కదాన్నే చేశానన్నమాట."

"అవును."

"ఆ సాయంత్రాలు నీళ్లు తాగినప్పుడు కూడా..."

"అవును."

"నా విశ్వాసం తక్కువేమో అన్నప్పుడు?"

"అప్పుడు కూడా."

దుప్పటి అంచుని వేళ్లతో మడవసాగింది. నేను తొందరపడ్డాను. అదే నా జబ్బు. "సంఘంలో అందరి ముందూ ఒప్పుకున్నాను. నిన్ననే. ఒక్కటీ దాచలేదు. ఏడ్చారు అందరూ" అన్నాను.

ఆమె కళ్లు తెరిచింది.

"నాకంటే ముందు వాళ్లకి చెప్పారా?"

ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

26, మంగళవారం

మాట్లాడలేదు.

27, బుధవారం

మాట్లాడలేదు. కండల బ్రదర్ ఫోను. రికార్డింగు వేల మంది విన్నారట, ఆదివారం ఇంకో ఊళ్లో అదే సాక్ష్యం చెప్పమంటున్నారట.

"చెప్పను" అన్నాను.

"అదేంటన్నగారూ, ఎంతమంది మారతారో!"

"అది మా ఇంటావిడ సాక్ష్యం. ఆమె చెప్పమంటే చెబుతాను. ఆ రికార్డు తీసేయించు."

"ఇప్పుడెలా తీస్తారు? అందరికీ పోయింది కదా."

ఫోను పెట్టేశాను. ఇన్నేళ్లలో నోటి నుంచి పోయినవన్నీ అలాగే పోయాయి.

28, గురువారం

మింగగలదో లేదో పరీక్షించారు. పర్వాలేదట. ఇవాళ్టి నుంచి కొద్దికొద్దిగా నోటితో కూడా. డైటీషియన్ అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. ఎప్పుడు, ఏమిటి, ఎంత అని మూడు గళ్లు. "మీరే రాయండి అంకుల్. ఎక్కువ తిన్నారని రాస్తే నాకు సంతోషమేమీ ఉండదు. ఎంత తిన్నారో అంతే రాయండి. దాన్నిబట్టే ముక్కు గొట్టంలో ఎంత పంపాలో చూస్తాను." నవ్వకుండా అంది.

మరదలు ఇంటికి బట్టలు తేవడానికి వెళ్లింది. గదిలో ఇద్దరమే. మెత్తటి జావ, చిన్న చెంచా. నేను తినిపిస్తే తింటుందో తినదో తెలియదు. చెంచా పెదవుల దాకా తీసుకెళ్లి అక్కడే ఆపాను. ఆమె నావంక చూడలేదు, చెంచా వంక చూసింది. నోరు తెరిచింది.

ఒకటి. చాలాసేపు. రెండు. గొంతు కదిలే వరకు ఆగాను. మూడు. నాలుగోది సగంలో తల అడ్డంగా ఊపింది. చెంచాలో సగం మిగిలిపోయింది.

సాయంత్రం రౌండుకి ఆ అమ్మాయి వచ్చింది. కాగితం ఇంకా నింపలేదు. "ఎన్ని చెంచాలు అంకుల్?"

ఐదు అందామనిపించింది. ఇంత జరిగాక కూడా అనిపించింది. ఐదంటే గొట్టం తొందరగా తీసేస్తారేమో, ఆమెకి హాయిగా ఉంటుందేమో అని. ప్రతి అబద్ధానికీ నా దగ్గర ఒక మంచి కారణం తయారుగా ఉంటుంది.

"మూడు" అన్నాను.

అమ్మాయి రాసుకోబోయింది. మంచం మీద నుంచి, మూడు రోజుల తర్వాత, ఆ గాలిలాంటి గొంతు వచ్చింది.

"మూడున్నర."